బాడుగ విద్యుత్ కారా? సొంత పెట్రోలు కారా?
(తల్లిదండ్రుల కొఱకు ఒక గృహలెక్క)

గత మార్చి నెలలో, వార్షిక పరీక్షలకు పది దినములు ముందుగా, ఒక తండ్రిగారు మా గదికి వచ్చి కూర్చుండిరి. వారి కుమార్తె మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి, కుమారుడు ఆఱవ తరగతి చదువుచుండిరి. ఏ సంవత్సరమును ఒక్క వాయిదాయైనను తప్పక రుసుము చెల్లించిన కుటుంబమది. ఆయన కొంతసేపు పిల్లల చదువును గూర్చి మాటలాడి, పిమ్మట తల వంచుకొని, "అయ్యవారూ, ఈ ఒక్కమారు మూడవ వాయిదాకు రెండు నెలలు గడువీయవలెను" అని యడిగిరి.

గడువిచ్చుటకు మాకు ఆక్షేపణ లేదు. అయినను కారణమేమని విచారించితిమి. ఆయన వద్ద తొమ్మిదేండ్ల నాటి పెట్రోలు కారొకటి యుండెడిది. దానిపై అప్పు లేదు. నిరుడు జూలైలో దానిని మూడు లక్షలకు అమ్మి, ఆ సొమ్మును ఇంటి మరమ్మతునకు వినియోగించి, నెలకు 25,000 రూపాయల బాడుగపై మూడేండ్లకు ఒక క్రొత్త విద్యుత్ కారును తెచ్చుకొనిరి. పెట్రోలు ఖర్చు మిగులునని ఎవరో చెప్పిరి; ఆయన నమ్మిరి. పెట్రోలు ఖర్చు మిగిలిన మాట నిజమే. కాని ప్రతి నెల మొదటి వారములోనే జీతమునుండి బాడుగ వెడలిపోవుచుండెను. బండిని తిరిగి యిచ్చివేయుదమన్నచో, ఒప్పందము ప్రకారము మూడు నెలల బాడుగ అపరాధముగా చెల్లింపవలసియుండెను. తప్పు కంపెనీది కాదు. అంతయు కాగితముపై వ్రాసియే యున్నది. ఆయన చదువలేదు, అంతియే.

వెడలిపోవుచు ఆయన ఒక మాట యడిగిరి: "అయ్యవారూ, నేను లెక్క ఎక్కడ తప్పితిని?"

ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము. ఆయన అనుమతితోనే, పేరు చెప్పక, ఈ విషయమును తల్లిదండ్రులందఱి యెదుట ఉంచుచున్నాము. మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. లెక్కలు చెప్పుకొని బ్రతుకువారము. కావున యంత్రముల గొప్పలను విడిచి, లెక్కను మాత్రమే చూతము.

ఈ ప్రశ్న మన హోసూరు ప్రాంతమున మఱింత సహజముగా పుట్టుచున్నది. విద్యుత్ స్కూటర్లను తయారుచేయు కర్మాగారములు మన జిల్లాలోనే వెలసినవి. మన పూర్వ విద్యార్థులలో కొందఱు వానిలో పనిచేయుచున్నారు. పొరుగున నున్న బెంగుళూరులో 2001 నాడే రేవా అను చిన్న విద్యుత్ కారు వీధికెక్కినది. పని నిమిత్తము సరిహద్దు దాటి ఎలక్ట్రానిక్ సిటీకి పోయి వచ్చు తండ్రులు మనలో అనేకులు కలరు. శబ్దము లేక, పొగ లేక సాగిపోవు బండిని చూచి ముచ్చటపడనివారెవరు? ముచ్చట తప్పు కాదు. లెక్క వేయకుండుటయే తప్పు.

బాడుగ యనగా నేమి?

పొలమును కౌలుకు తీసికొనుట మన పెద్దలకు తెలిసిన విషయమే. కౌలుదారు దున్నును, విత్తును, పంట కోసికొనును. గడువు తీరిన పిదప పొలము ఆసామిదే. కారు లీజు కూడ అట్టిదే. బండి కంపెనీ పేరనో, బాడుగకిచ్చు సంస్థ పేరనో యుండును. మనము నెలనెలకు బాడుగ కట్టి వాడుకొందుము. సాధారణముగా ఇన్సూరెన్సు, సర్వీసు బాడుగలోనే చేరియుండును. గడువు ముగిసిన దినమున బండిని అప్పగించి ఉత్త చేతులతో ఇంటికి రావలెను. మధ్యలో వదలినచో అపరాధము. నెలకు ఇన్ని కిలోమీటర్లని హద్దుండును. మీఱినచో అదనపు రుసుము.

దీనికొక చరిత్ర కలదు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1996లో ఇ.వి.1 అను విద్యుత్ కారును బయటపెట్టెను. దానిని ఎవరికిని అమ్మలేదు. బాడుగకు మాత్రమే ఇచ్చెను. వాడినవారిలో పలువురికి అది ప్రాణప్రదమాయెను. సంస్థ ఆ కార్యక్రమమును విరమించినప్పుడు, తగిన వెల యిచ్చి కొందుమని కొందఱు ప్రాధేయపడిరి. సంస్థ అంగీకరింపలేదు. కార్లను వాపసు తీసికొని, అధిక భాగమును నుగ్గు చేయించెను. కొన్నింటిని మాత్రము ప్రదర్శనశాలలకు ఇచ్చెను. వాడినవారికి ఎంత ప్రేమయున్నను బండి వారిది కాదు గదా! బాడుగ బండికిని సొంత బండికిని గల భేదమును ఇంతకంటె స్పష్టముగా చూపు నిదర్శనము మాకు కనబడలేదు.

పాత పెట్రోలు కారు ఖర్చు

మా వద్ద 2016లో కొన్న చిన్న పెట్రోలు కారు కలదు. పెట్రోలు పోయించినప్పుడెల్ల, మరమ్మతు చేయించినప్పుడెల్ల ఒక నోటు పుస్తకమున వ్రాసియుంచుట మా యలవాటు. ఆ పుస్తకమును ఎనిమిదవ తరగతి పిల్లలకిచ్చి లెక్క కట్టించితిమి. ఆ తండ్రిగారి పాత కారును దాదాపు ఇట్టిదే గనుక, ఇదియే ఉదాహరణముగా గ్రహింతము.

పాత కారునకు రెండు విధములైన ఖర్చులు కలవు. మొదటిది చేతినుండి పోవు ఖర్చు. సంవత్సరమునకు ఇన్సూరెన్సు 9,000 రూపాయలు, సర్వీసు, టైర్లు, చిల్లర మరమ్మతులు సగటున 15,000, క్లచ్చి, ఏ.సి. వంటి పెద్ద మరమ్మతు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు గనుక దానికై విడిగా దాచవలసినది 12,000. మొత్తము 36,000.

రెండవది కంటికి కనబడని ఖర్చు. దీనిని అనేకులు మఱచిపోవుదురు. బండి వెల నేడు మూడు లక్షలనుకొందము. ఏటేట అది సుమారు 30,000 తరుగుచుండును. అదిగాక, బండిని అమ్మి ఆ మూడు లక్షలను బ్యాంకులో వేసినచో, నూటికి ఆఱున్నర వంతున 19,500 వడ్డీ వచ్చియుండును. ఆ వడ్డీని మనము వదలుకొనుచున్నాము. ఈ రెండును కలిపి 49,500. పాత కారు ఉచితమని తలచువారు ఈ మొత్తమును గమనింపవలెను.

కావున బండి కదలకుండ వాకిట నిలిచియున్నను సంవత్సరమునకు అయ్యెడి ఖర్చు 36,000 మఱియు 49,500 కలిసి 85,500 రూపాయలు.

ఇక నడిపినందులకు అయ్యెడి ఖర్చు. లెక్క సులభముగా నుండుటకై లీటరు పెట్రోలు 100 రూపాయలనియు, లీటరుకు 16 కిలోమీటర్లు వచ్చుననియు గ్రహింతము. కిలోమీటరుకు ఆఱుంపావు, అనగా 6 రూపాయల 25 పైసలు.

బాడుగ విద్యుత్ కారు ఖర్చు

బాడుగ నెలకు 25,000 గనుక సంవత్సరమునకు 3,00,000. ఇన్సూరెన్సు, సర్వీసు ఇందులోనివే. తరుగుదల భారము మనది కాదు.

నడుపుటకు కరెంటు కావలెను. ఇంటి కరెంటు యూనిటు 8 రూపాయలనుకొందము. ఛార్జింగులో కొంత నష్టము పోగా, చిన్న విద్యుత్ కారు యూనిటుకు సుమారు ఆఱున్నర కిలోమీటర్లు నడచును. కిలోమీటరుకు సుమారు రూపాయి పావలా. అనగా పెట్రోలుతో పోల్చినప్పుడు కిలోమీటరుకు అయిదు రూపాయలు మిగులును. ఇది చిన్న లాభము కాదు. విద్యుత్ కారును గూర్చి చెప్పు మాటలలో ఈ మాట పూర్తిగా సత్యము.

కాని ఒక జాగ్రత్త. ఇంటి వద్ద ఛార్జింగునకు వీలున్నవారికే ఈ లెక్క. అద్దె యింట నుండువారు ఇంటి యజమాని అనుమతి పొందవలెను. అంతస్తుల మేడలలో నుండువారు సంఘము అనుమతి పొందవలెను. ఆ వీలు లేక బయట వేగముగా ఛార్జి చేయు కేంద్రములకు పోయి యూనిటుకు 20 రూపాయలు చెల్లించినచో, కిలోమీటరుకు మూడు రూపాయలకు పైగా అగును. అయిదు రూపాయల మిగులు మూడు రూపాయల చిల్లరకు దిగిపోవును.

రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి

పిల్లలు నల్లబల్లపై వేసిన లెక్క యిది. సంవత్సరమునకైన మొత్తము ఖర్చు:

6,000 కిలోమీటర్లు నడిపినచో: పాత కారు 1,23,000, బాడుగ కారు 3,07,500.
12,000 కిలోమీటర్లు నడిపినచో: పాత కారు 1,60,500, బాడుగ కారు 3,15,000.
18,000 కిలోమీటర్లు నడిపినచో: పాత కారు 1,98,000, బాడుగ కారు 3,22,500.

నడిపిన కొలది వ్యత్యాసము తగ్గుచున్నది. కాని మాయమగుట లేదు. ఎన్ని కిలోమీటర్లు నడిపినచో రెండును సమానమగును? నడపకున్నను తప్పని ఖర్చులలో భేదము 3,00,000 నుండి 85,500 తీసివేయగా 2,14,500. కిలోమీటరుకు మిగులు 5 రూపాయలు. భాగింపగా 42,900 కిలోమీటర్లు. అనగా నెలకు 3,575 కిలోమీటర్లు నడిపినప్పుడే రెండును సమానమగును.

ఇచ్చట తరగతిలో ఒక బాలిక లేచి, "ఒప్పందములో నెలకు 1,500 కిలోమీటర్లే హద్దు గదా, సార్?" అని యడిగెను. ఆ తండ్రిగారి ఒప్పందమున ఉన్న హద్దు సరిగా అంతియే. అనగా హద్దులోపల ఎంత నడిపినను, ఆయన పాత కారుతో సమానము కాజాలరు. లాభము వచ్చు చోటు హద్దునకు అవతలనున్నది; హద్దు దాటినచో అదనపు రుసుము పడును. ఈ మాట ఆ బాలికకు కనబడినంత సులభముగా మా కంటికిని మొదట కనబడలేదు.

పెట్రోలు వెల పెరిగిన నేమగునని కొందఱడుగుదురు. లీటరు 150 రూపాయలైనదనుకొందము. అప్పుడు కిలోమీటరుకు మిగులు 8 రూపాయల 12 పైసలకు పైగా నుండును. సమానమగు స్థానము సంవత్సరమునకు 26,400, నెలకు 2,200 కిలోమీటర్లు. అదియు హద్దునకు అవతలనే.

ఇంకొక న్యాయమైన అభ్యంతరము కలదు. దేశమంతట నేడు పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపుచున్నారు. పాత పద్ధతిలో నిర్మించిన కార్లకు దీనివలన మైలేజి నూటికి ఆఱేడు వంతులు తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన ప్రణాళికయే అంచనా వేసినది. ఆ ప్రకారము లీటరుకు 16 కిలోమీటర్లు 15 అగుననుకొన్నను, నెలకు 900 కిలోమీటర్లు నడుపువారికి 375 రూపాయలు మాత్రమే అధికమగును. లెక్క స్వల్పముగా కదలును గాని తలక్రిందులు కాదు.

ఆయన ఎక్కడ తప్పిరి?

ఇప్పుడు ఆయన ప్రశ్నకు వత్తము. ఆయన నెలకు నడుపునది 900 కిలోమీటర్లు. పెట్రోలు మానినందున నెలకు మిగిలినది 4,500. ఇన్సూరెన్సు, మరమ్మతులు తప్పినందున నెలకు మిగిలినది 3,000. మొత్తము 7,500 రూపాయలు. దానికై చెల్లించినది 25,000. చేతినుండి నెలకు అదనముగా పోయినది 17,500 రూపాయలు. కనబడని ఖర్చులైన తరుగుదలను, వడ్డీని కూడ బాడుగ కారునకు అనుకూలముగా లెక్కించినను, నెలకు నష్టము 13,375.

ఆయన కూడికలో తప్పు లేదు. పోలికలో తప్పున్నది. పెట్రోలు బంకులో మిగిలిన రూపాయలను మాత్రమే ఆయన చూచిరి. ప్రకటనలు మఱియొక పోలిక చేయును: క్రొత్త విద్యుత్ కారు బాడుగను క్రొత్త పెట్రోలు కారు వాయిదాతో పోల్చును. ఆ పోలికయు అసత్యము కాదు. తొమ్మిది లక్షల క్రొత్త పెట్రోలు కారును పూర్తిగా అప్పుపై, నూటికి 9 వడ్డీతో అయిదేండ్ల వాయిదాలపై కొన్నచో నెల వాయిదా సుమారు 18,700, ఇన్సూరెన్సు, సర్వీసు 3,500, పెట్రోలు 5,600. మొత్తము సుమారు 27,800. బాడుగ కారునకు కరెంటుతో కలిపి సుమారు 26,100. ఇట్లు చూచినప్పుడు బాడుగయే చౌకగా తోచును. అయితే అయిదేండ్ల పిదప ఒకరి వాకిట బండి మిగులును, మఱియొకరి వాకిట మిగులదు.

కాని ఆయన వాకిట నుండినది క్రొత్త కారు కాదు; అప్పు తీరిన పాత కారు. మన యింట నున్నదానితో పోల్చక, మన యింట లేనిదానితో పోల్చుటయే మోసపోవుటకు మొదటి మెట్టు. పొరుగింటి పుల్లకూర రుచి యని పెద్దలన్నది ఊరకే కాదు.

బ్యాటరీకి మాత్రము బాడుగ

ఇటీవల మఱియొక పద్ధతి వచ్చినది. కారును మనము కొందుము. బ్యాటరీకి మాత్రము నడిపిన కిలోమీటర్లను బట్టి బాడుగ చెల్లింతుము. 2024 సెప్టెంబరులో ఎం.జి. సంస్థ విండ్సర్ అను విద్యుత్ కారును ఈ విధముగా విడుదల చేసెను. బ్యాటరీ లేక నాటి షోరూము వెల 9 లక్షల 99 వేలు. నాటి బ్యాటరీ బాడుగ కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. బ్యాటరీతో కలిపి కొన్నచో వెల సుమారు 13 లక్షల 50 వేలనుండి మొదలైనది.

దీనిని పిల్లల లెక్కగా చూడుడు. బ్యాటరీ వెల సుమారు మూడున్నర లక్షలు. కిలోమీటరుకు మూడున్నర రూపాయల వంతున లక్ష కిలోమీటర్లు నడిపినచో ఆ సొమ్మంతయు బాడుగ రూపమున చెల్లించినట్లే. వడ్డీ మాట వేఱు. నెలకు 900 కిలోమీటర్లు నడుపువారికి లక్ష కిలోమీటర్లకు తొమ్మిదేండ్లు దాటును. వారికి ఈ పద్ధతి మొదటి భారమును తగ్గించును. నెలకు రెండువేలు నడుపువారికి నాలుగేండ్ల పైచిలుకులో అసలు తీరిపోవును. ఆ పిమ్మట కట్టునది అంతయు అదనమే.

మఱియొక మాట. కిలోమీటరుకు బ్యాటరీ బాడుగ మూడున్నర, కరెంటు రూపాయి పావలా కలిసి నాలుగుంముప్పావు. పెట్రోలునకు ఆఱుంపావు. మిగులు అయిదు రూపాయలు కాదు, రూపాయిన్నర. నెలకు ఇన్ని కిలోమీటర్లకు తక్కువ కాకుండ చెల్లింపవలెనను నిబంధన యున్నదేమో సంతకమునకు ముందే అడుగవలెను. అట్టి నిబంధన యున్నచో, బండి కదలకున్నను బాడుగ కదలుచునే యుండును.

విద్యుత్ కారు ఎవరికి మేలు?

మేము విద్యుత్ కారునకు విరోధులము కాము. బడి గేటు వద్ద సాయంకాలము నాలుగు గంటలకు నిలిచి చూచినవారికి పొగలేని బండి విలువ తెలియును. మన దేశమున కరెంటులో అధిక భాగము నేటికిని బొగ్గునుండియే పుట్టుచున్నను, చిన్నపిల్లల ముక్కు దగ్గఱ పొగ లేకుండుట మేలే. ప్రభుత్వమును ఈ బండ్లను ప్రోత్సహించుచున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. నూటికి 18కి తగ్గినను, విద్యుత్ కార్లపై అది 5 మాత్రమే.

పాత కారు నిజముగా ముగింపునకు వచ్చి ఎట్లయినను క్రొత్తది కొనవలసినవారును, ఇంటి వద్ద ఛార్జింగు వీలుండి దినమునకు అఱువది డెబ్బది కిలోమీటర్లు నడుపువారును విద్యుత్ కారును తప్పక ఆలోచింపవలెను. వారికి బాడుగకంటె కొనుటయే తఱచుగా మేలు. బ్యాటరీకి ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్ల హామీ ఇచ్చు సంస్థలు కలవు. పనిచేయు సంస్థయే జీతమునుండి మినహాయించుకొనుచు బండిని సమకూర్చు ఉద్యోగులకు ఆదాయపు పన్నులో కొంత వెసులుబాటు కలుగవచ్చును. వారు తమ లెక్కల శాఖను అడిగి, పన్ను పోగా మిగులు అంకెలతో పై లెక్కను మరల వేసికొనవలెను.

పాత కారు పక్షమున కూడ ఒక దోషమును దాచరాదు. అది భద్రత. బ్రేకులు బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. ఏర్పాటు కార్లన్నింటికి 2019 ఏప్రిల్ నుండియు, డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుండియు మన దేశమున తప్పనిసరియైనవి. అంతకు ముందటి చిన్న కార్లలో ఇవి లేకుండవచ్చును. మా కారులోను లేవు. పిల్లలను ఎక్కించుకొని రాజమార్గముపై పోవువారు దీనిని లెక్కలో చేర్చవలెను. పదునైదేండ్లు నిండిన కారునకు రిజిస్ట్రేషను మరల చేయింపవలెను. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 రూపాయలకు పెరిగినది.

అయితే భద్రమైన బండికి దారి బాడుగ ఒక్కటే కాదు. మిగులు 13,375లో సుమారు సగము, అనగా నెలకు 6,500 మాత్రము బ్యాంకులో వేయుచు పోయినచో మూడేండ్లకు 2,34,000, వడ్డీ అదనము. అప్పటికి పాత కారునకు 2,10,000 వచ్చుననుకొన్నను, చేతిలో 4,44,000 రూపాయలుండును. మిగిలిన కొంచెమునకు అప్పు చేసి, పెట్రోలుదైనను విద్యుత్తుదైనను భద్రమైన బండిని సొంతముగానే కొనవచ్చును. మూడేండ్లు బాడుగ కట్టినవారి చేతిలో అప్పటికి ఏమి యుండును?

సంతకమునకు ముందు అడుగవలసినవి

ఒకటి: నెలకు నిజముగా మనమెన్ని కిలోమీటర్లు నడుపుచున్నాము? ఊహింపరాదు, మూడు నెలలు మీటరు చూచి వ్రాసికొనవలెను.

రెండు: ఒప్పందములో కిలోమీటర్ల హద్దెంత, మీఱినచో రుసుమెంత?

మూడు: మధ్యలో విడిచినచో అపరాధమెంత? ఉద్యోగము పోయినను, బదిలీ అయినను అది తప్పదా?

నాలుగు: గీతలు, సొట్టలు పడినచో, అప్పగించు దినమున ఎవరు నిర్ణయింతురు, ఎవరు చెల్లింతురు?

అయిదు: ముందు కట్టిన డిపాజిట్టు ఎప్పుడు తిరిగి వచ్చును?

ఆఱు: బండి ఏ రాష్ట్రమున, ఎవరి పేర రిజిస్టరైనది? సరిహద్దున నుండు మనకు ఇది ముఖ్యము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒక రాష్ట్రపు బండిని వేఱొక రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి ఉంచినచో అక్కడి క్రొత్త నంబరు తీసికొనవలెను. ఆ పన్ను భారము ఎవరిది? విద్యుత్ బండ్లకు పన్ను రాయితీలు రాష్ట్రమునకొక రీతిగ నుండి, మారుచుండును గనుక రవాణా కార్యాలయమున స్వయముగా విచారించుట మంచిది.

ఏడు: ఒప్పందము మనకు బాగుగ రాని భాషలో నున్నచో, చదివి చెప్పగలవారితో ఆమూలాగ్రము చదివించుకొంటిమా? ఇంట ఎవరును లేకున్నచో బడికి రండు. మా ఉపాధ్యాయులు సంతోషముగా చదివి వినిపింతురు.

ఆ తండ్రిగారి సంగతి చెప్పి ముగింతుము. ఏప్రిల్ మొదటి వారమున ఆయన మరల వచ్చిరి. ఇద్దఱము కూర్చుండి లెక్క వేసితిమి. ఒప్పందములో ఇంకను 27 నెలలు మిగిలియున్నవి, బాడుగ 6,75,000. ఇప్పుడే విడిచినచో అపరాధము 75,000. ఆయన భార్య నగ నొకటి బ్యాంకులో కుదువబెట్టి ఆ 75,000 కట్టి, బండిని అప్పగించిరి. ఇప్పుడు ఆయన ఫ్యాక్టరీ బస్సులో పోవుచున్నారు. పిల్లలు మన బడి బస్సులో వచ్చుచున్నారు. మూడవ వాయిదా మే నెలలోనే చెల్లినది. నగ విడిపించుటకు ఇంకను కొన్ని నెలలు పట్టునని చెప్పిరి.

పై లెక్కలోని అంకెలు మా ఊరివి, మా కారువి. మీ పెట్రోలు వెల, మీ కరెంటు వెల, మీ కిలోమీటర్లు వేఱుగా నుండును గనుక వానిని పెట్టి మీరే వేసికొనుడు. ఇంట ఎనిమిదవ తరగతి చదువు పిల్లలున్నచో వారినే అడుగుడు. ఈ సంవత్సరము ఆ లెక్క వారి నోటు పుస్తకములలో నున్నది.